మంత్రం పలికిన బిల్లీ, దూకి చూపిన మైల్స్

నాలుగు నెలలు కూడా తిరక్కుండా రెండు హాలీవుడ్ సినిమాలు దాదాపు ఒకే కథ చెప్పాయి. 2018 డిసెంబరు 14న 'స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్‌వర్స్' వచ్చింది. 2019 ఏప్రిల్ 5న 'షజామ్!' వచ్చింది. మొదటిది సోనీ వాళ్ల యానిమేషన్ సినిమా, దానికి బాబ్ పెర్సికెట్టి, పీటర్ రామ్‌సే, రాడ్నీ రాత్‌మన్ అని ముగ్గురు దర్శకులు. రెండోది డీసీ కామిక్స్ పాత్రతో డేవిడ్ ఎఫ్. శాండ్‌బర్గ్ తీసిన సినిమా. రెండింట్లోనూ హీరో బడికి వెళ్లే కుర్రాడే. రెండింట్లోనూ శక్తి అడక్కుండా వచ్చి నెత్తిన పడుతుంది. అదీ నేల కిందే: 'షజామ్!'లో బిల్లీ బాట్సన్‌ను సబ్‌వే రైలు మాంత్రికుడి దగ్గరికి మోసుకుపోతే, 'స్పైడర్‌వర్స్'లో మైల్స్ మోరాలెస్‌ను సబ్‌వే సొరంగంలో సాలీడు కుడుతుంది.

ఇలాంటి కథల దగ్గర మన చర్చంతా శక్తి చుట్టూ తిరుగుతుంది. ఎవరు ఎగురుతారు, ఎవరిది ఎక్కువ బలం, ఎవరు ఎవర్ని ఓడిస్తారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది ఒకటుంది. శక్తి వచ్చాక ఆ కుర్రాడి పిల్లతనాన్ని కథ ఏం చేసింది? దాన్ని దాచిపెట్టిందా, పక్కకు నెట్టేసిందా, వాడితోనే ఉండనిచ్చిందా? ఈ ప్రశ్న పట్టుకుని చూస్తే రెండు సినిమాలూ చాలా దూరం జరిగిపోతాయి. ఆ దూరం మొదలైంది సినిమాల్లో కాదు, కామిక్స్ పుట్టిన రోజుల్లో.

బిల్లీ పాతవాడు. 1940 ఫిబ్రవరి సంచికగా వచ్చిన 'విజ్ కామిక్స్' రెండో నంబరులో ఫాసెట్ సంస్థ అతన్ని తెచ్చింది. కథ బిల్ పార్కర్‌ది, బొమ్మలు సి. సి. బెక్‌వి. తల్లిదండ్రులు లేని పిల్లవాడు వీధిలో పేపర్లు అమ్ముకుంటాడు, రాత్రిళ్లు సబ్‌వే స్టేషన్లో పడుకుంటాడు. ఒక రాత్రి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి ఒక ముసలి మాంత్రికుడి దగ్గరికి తీసుకుపోతాడు. ఆ మాంత్రికుడి పేరు షజామ్. ఆ పేరు పలికితే చాలు, పిడుగు పడుతుంది, పిల్లవాడు ఉన్నచోట కెప్టెన్ మార్వెల్ అనే ఆజానుబాహువు నిలబడతాడు. అప్పటికి సూపర్‌మ్యాన్ వచ్చి రెండేళ్లు కాలేదు. సూపర్‌మ్యాన్‌ను చదివే పిల్లవాడు పెద్దవాణ్ణి చూసి అబ్బురపడాల్సిందే తప్ప, తానే ఆ పెద్దవాడు కావడానికి దారి లేదు. బిల్లీ ఆ దారి చూపించాడు. 1940లలో కొన్నాళ్లు కెప్టెన్ మార్వెల్ అమ్మకాలు సూపర్‌మ్యాన్‌ను కూడా దాటేశాయంటే ఆ ఆకర్షణే కారణమని నా నమ్మకం. సూపర్‌మ్యాన్‌కు ఇది నకలంటూ, ఇవాళ మనం డీసీ అంటున్న సంస్థ కోర్టుకెక్కింది. ఏళ్ల తరబడి సాగిన వ్యాజ్యం తర్వాత 1953లో ఫాసెట్ ఆ పాత్రను ఆపేసింది. విచిత్రంగా 1972లో డీసీయే దాన్ని మళ్లీ బయటికి తెచ్చింది. అప్పటికే కెప్టెన్ మార్వెల్ పేరు మార్వెల్ కంపెనీ చేతికి పోవడంతో పత్రిక అట్ట మీదికి 'షజామ్!' ఎక్కింది.

ఇక మైల్స్ వెనక వేరే వంశం ఉంది. బిల్లీ పుట్టిన 1940లోనే బ్యాట్‌మ్యాన్ పక్కన రాబిన్ చేరాడు. పిల్లవాడంటే పెద్ద హీరోకి సహాయకుడు అన్న లెక్క అప్పట్నుంచి స్థిరపడిపోయింది. ఆ లెక్క తప్పించింది 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించిన పీటర్ పార్కర్. హైస్కూల్ కుర్రాడు, సాలీడు కుట్టింది, వెనక పెద్ద హీరో ఎవరూ లేరు. శక్తి వచ్చినా ఒళ్లు వాడిదే, భయం వాడిదే, ఇంట్లో అత్త మే ఆరోగ్యం, అద్దె బాధ వాడివే. బ్రయాన్ మైకేల్ బెండిస్, చిత్రకారిణి సారా పికెల్లి 2011లో తెచ్చిన మైల్స్ ఈ పార్కర్‌కు వారసుడు. తండ్రి ఆఫ్రికన్ అమెరికన్, తల్లి ప్యూర్టోరికన్. సినిమాలో నాన్న జెఫర్సన్ పోలీసు, అమ్మ రియో నర్సు. బ్రూక్లిన్‌లో మామూలు సంసారం.

అంటే బిల్లీ కథలో పిల్లవాడు పెద్దవాడైపోతాడు, మైల్స్ కథలో పిల్లవాడు పిల్లవాడిగానే మిగులుతాడు. తేడా ఇంతేనని తేల్చేయాలనిపిస్తుంది. సినిమాలు చూస్తే మాత్రం అంత తేలిగ్గా తేలదు. ఎందుకంటే రెండూ శక్తి కంటే ఇంటి గురించి ఎక్కువ చెప్పాయి.

'షజామ్!'లో బిల్లీకి పద్నాలుగేళ్లు. చిన్నప్పుడు ఒక సంతలో తల్లి చెయ్యి జారిపోయింది. అప్పట్నుంచి ప్రభుత్వం అప్పగించిన ఒక్కో ఫోస్టర్ ఇంట్లో ఉండటం, అక్కణ్నుంచి పారిపోవడం, తల్లి ఇంటిపేరున్న ఆడవాళ్ల తలుపులు తట్టడం. సినిమాలో పద్నాలుగేళ్ల బిల్లీ మొదటిసారి కనిపించేది పోలీసుల్ని ఒక కొట్లో పెట్టి బంధించి, వాళ్ల కారులోని కంప్యూటర్లో తల్లి చిరునామా వెతుకుతూ. చివరికి ఫిలడెల్ఫియాలో విక్టర్, రోసా వాస్కెజ్ దంపతుల ఇంటికి చేరతాడు. ఆ ఇద్దరూ ఒకప్పుడు ఫోస్టర్ ఇళ్లలో పెరిగినవాళ్లే. అక్కడ అప్పటికే ఐదుగురు పిల్లలున్నారు. వాళ్లలో ఊతకర్రతో నడిచే ఫ్రెడీకి సూపర్‌హీరోల పురాణమంతా కంఠతా వచ్చు. బడి బయట కొందరు రౌడీ కుర్రాళ్లు ఫ్రెడీని బండితో గుద్ది, తన్ని, తల్లి మాటెత్తి వెక్కిరిస్తారు. తప్పించుకుపోతున్న బిల్లీ ఆ మాట విని వెనక్కి తిరుగుతాడు. ఆ వెనక్కి తిరగడమే అతన్ని సబ్‌వే రైల్లోకి, మాంత్రికుడి ముందుకి చేరుస్తుంది.

మాంత్రికుడు ఏళ్ల తరబడి మచ్చలేని మనసున్న మనిషి కోసం వెతుకుతున్నాడు. వచ్చినవాళ్లందర్నీ పనికిరారని పంపేశాడు. ఇప్పుడు ప్రాణం పోతోంది, ఎదురుగా ఉన్నది ఈ దొంగబుద్ధుల కుర్రాడొక్కడే. అంత మంచివాడు ఎక్కడా ఉండడని బిల్లీ తనకై తానే చెప్పేస్తాడు. అయినా శక్తి అతనికే దక్కుతుంది. ఎన్నిక అనేది ఇంత నిస్సహాయంగా జరగడం నాకు బాగా నచ్చింది. పురాణాల్లో వరం ఇచ్చేవాడు తపస్సు కొలుస్తాడు. ఇక్కడ కొలిచే ఓపికే లేదు.

మైల్స్‌కి అన్నీ ఉన్నాయి. అదే అతని ఇబ్బంది. బ్రూక్లిన్ విజన్స్ అకాడమీ అనే మంచి స్కూల్లో లాటరీలో సీటు వచ్చింది, వారమంతా హాస్టల్లో ఉండాలి, పాత బడి స్నేహితులు దూరమయ్యారు. మొదటి భాగంలో ఒక చిన్న సన్నివేశం ఉంది. మైల్స్ ఒప్పు-తప్పు గుర్తులు పెట్టే పరీక్ష రాసి సున్నా తెచ్చుకుంటాడు. టీచరమ్మ ఆ పేపరు పట్టుకుని కూర్చోబెడుతుంది. కళ్లకు గంతలు కట్టుకుని గుడ్డిగా టిక్కులు పెట్టినా సగం మార్కులు వస్తాయి, ఒక్కటి కూడా ఒప్పు కాకుండా రాయాలంటే అన్ని జవాబులూ తెలిసుండాలి కదా అంటుంది. సున్నా కొట్టేసి నూరు వేస్తుంది. నువ్వు ఎలాంటి మనిషివి కావాలనుకుంటున్నావో వ్యాసం రాసుకు రమ్మంటుంది. ఆ స్కూలు నుంచి గెంటించుకోవాలని పిల్లవాడు వేసిన ఎత్తు వాడి తెలివినే బయటపెట్టింది. మంచి కాలేజీ హాస్టల్లో సీటొచ్చి, రాత్రి దుప్పటి కింద ఏడ్చిన పిల్లలు మన ఊళ్లలో తక్కువేం కాదు. వాళ్లకు ఈ సన్నివేశం విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ లాటరీ సంగతి చాలామంది పట్టించుకోరు కానీ నా దృష్టిలో సినిమాకు అదే ఇరుసు. సీటు తన ప్రతిభకు రాలేదని, అదృష్టం కొద్దీ వచ్చిందని, అది తనది కాదని మైల్స్ లోపల్లోపల నమ్ముతున్నాడు. అదే రోజుల్లో బాబాయి ఆరన్‌తో కలిసి సొరంగంలో గోడ మీద రంగుల బొమ్మ వేసి, 'నో ఎక్స్‌పెక్టేషన్స్' అని పెద్ద అక్షరాలతో రాస్తాడు. ఎవరూ తన మీద ఏ ఆశా పెట్టుకోకూడదని గోడ మీద ప్రకటించిన కాసేపటికే సాలీడు కుట్టింది. అది రెండో లాటరీ. సీటు ఎంత తనది కాదనిపించిందో ఈ శక్తీ అంతే తనది కాదనిపిస్తుంది. అసలు స్పైడర్‌మ్యాన్ కళ్లెదుటే చనిపోతాడు. ఆయన పని పూర్తి చేస్తానని ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి, కానీ గోడకు అతుక్కున్న చెయ్యి ఎలా ఊడదీసుకోవాలో కూడా మైల్స్‌కు తెలియదు.

ఇక్కడ రెండు సినిమాల్లోనూ వేషం గురించి ఒక మాట చెప్పుకోవాలి. బిల్లీ మంత్రం పలకగానే కండలతో సహా ఎర్ర దుస్తులు తయారుగా వచ్చేస్తాయి. మైల్స్ ఒక దుకాణంలో చవకరకం స్పైడర్‌మ్యాన్ దుస్తులు కొనుక్కుంటాడు, అవి వొంటికి సరిపోవు. అవి అమ్మే ముసలాయన స్టాన్ లీయే. సినిమా రావడానికి నెల ముందు, 2018 నవంబరులో లీ కన్నుమూశారు. అదే ఏడాది జూన్‌లో డిట్కో పోయారు. సినిమాను ఆ ఇద్దరికీ అంకితమిచ్చారు. సరిపోని దుస్తులతో మొదలైన పిల్లవాడు చివర్లో పార్కర్ దుస్తుల మీద తన నల్లరంగు స్ప్రే చేసుకుని వేసుకుంటాడు. వారసత్వం తీసుకోవడం, దాన్ని తనది చేసుకోవడం, రెండూ ఆ స్ప్రే డబ్బాలో ఉన్నాయి.

రెండు సినిమాల గుండె మాత్రం రెండు తలుపుల దగ్గర ఉంది.

'షజామ్!'లో ఫోస్టర్ తమ్ముడు యూజీన్ తల్లి చిరునామా కనిపెట్టి ఇస్తాడు. ఆమె అదే ఊళ్లో ఉంది. బిల్లీ వెళ్లి తలుపు తడతాడు. తల్లి తలుపు తీస్తుంది, కొడుకుని లోపలికి పిలవదు. లోపల్నుంచి ఎవరో మగమనిషి గొంతు. వరండాలో నిలబెట్టే మాట్లాడుతుంది. అప్పుడు తానూ చిన్నపిల్లేనని, ఆ రోజు సంతలో పోలీసుల మధ్య కొడుకు దొరికాడని చూసి కూడా దగ్గరికి రాలేదని, వాళ్లే నయంగా చూసుకుంటారనుకున్నానని చెబుతుంది. అంటే పిల్లవాడు తప్పిపోలేదు, వదిలేశారు. ఆ సంతలోనే ఆమె ఆటలో గెలిచి ఇచ్చిన దిక్సూచిని బిల్లీ ఇన్నేళ్లుగా దాచుకున్నాడు. నిజానికి ఆ రోజు అతను కోరింది పులి బొమ్మ, దక్కింది ఈ దిక్సూచి. దాన్ని ఇప్పుడు తీసి తల్లి చేతిలో పెడతాడు. ఆమెకు అదేమిటో గుర్తు కూడా లేదు. ఈ సన్నివేశంలో మెరుపు లేదు, పిడుగు లేదు. ఆషర్ ఏంజెల్ అనే కుర్ర నటుడి మొహం ఉంది, అంతే. ఒక పిల్లవాడు తన జీవితమంతా మోసిన వస్తువు అవతలి మనిషికి చెత్తతో సమానమని తెలిసిన క్షణం అది. ధ్రువుణ్ణి తండ్రి ఒడి నుంచి సవతి తల్లి తోసేసినా, ఏడుస్తూ పరుగెత్తడానికి సునీతి ఒడి ఉంది. బిల్లీకి అదీ లేదు. సూపర్‌హీరో సినిమాల్లో పిల్లల గురించి ఇంత నిజం చెప్పిన మరో రెండు నిమిషాలు నేను చూడలేదు.

'స్పైడర్‌వర్స్'లో తలుపు తెరుచుకోదు. మైల్స్ ఇంకా సిద్ధంగా లేడని, వేరే లోకాల నుంచి వచ్చిన తక్కిన స్పైడర్‌మ్యాన్‌లు అతన్ని హాస్టల్ గదిలో కుర్చీకి కట్టేసి, నోటికి సాలెగూడు అంటించి వెళ్లిపోతారు. అంతకుముందే బాబాయి ఆరన్ చనిపోయాడు. ఆయనే విలన్ తరఫున పనిచేసే ప్రౌలర్ అని మైల్స్‌కు తెలిసింది. మైల్స్‌ను చంపడానికి చెయ్యి రాక తానే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇప్పుడు నాన్న వచ్చి గది బయట నిలబడ్డాడు. తమ్ముడు పోయిన దుఃఖంతో వచ్చాడు, కొడుకు అలిగి తలుపు తీయడం లేదనుకుంటున్నాడు. నీలో ఒక వెలుగుంది, దాన్ని ఏం చేసుకున్నా అది నీ ఇష్టం, బదులు చెప్పకపోయినా ఫరవాలేదు అన్న అర్థంలో తలుపుతోనే మాట్లాడి వెళ్లిపోతాడు. ఇవతల కొడుకు ఒక్క మాట పలకలేడు. సినిమా మొదట్లో ఇదే నాన్న బడి ముందు పోలీసు కారు మైకులో అందరికీ వినిపించేలా తనను ప్రేమిస్తున్నానని చెప్పమంటే మైల్స్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఇప్పుడు చెప్పాలని ఉన్నా నోరు పెగలదు. ఆ తర్వాతే వేళ్ల చివర విద్యుత్తు పుట్టి కట్లు తెగుతాయి.

బిల్లీ ఆ తలుపు దగ్గర్నుంచి వెనుదిరిగాక శక్తిని ఇంకెవరికోసం వాడాలో తెలుసుకున్నాడు. మైల్స్ తలుపు వెనక ఉండి శక్తి తనదేనని ఒప్పుకున్నాడు. నా లెక్కలో మొదటి తలుపే బరువైనది. అయినా మొత్తం సినిమాగా రెండోదే గొప్పదని ఎందుకు అంటున్నానో చెబుతాను.

'షజామ్!'లో లోపం ఒళ్లు మారడంలోనే ఉంది. ఆషర్ ఏంజెల్ చేసిన బిల్లీ మాటలు తక్కువ, గాయం ఎక్కువ ఉన్న కుర్రాడు, ఎవర్నీ నమ్మడు. మంత్రం పలికాక వచ్చే జకరీ లీవై అల్లరి చేస్తాడు, గెంతుతాడు, వాగుతూనే ఉంటాడు. పెద్దవాణ్ణయ్యానని బీరు కొని గుటకేసి ఉమ్మేయడం, వీధిలో వేళ్ల నుంచి మెరుపులు చూపించి డబ్బులు దండుకోవడం సరదాగానే ఉన్నాయి. కానీ ఆ పెద్ద ఒంట్లో ఉన్నది పద్నాలుగేళ్ల బిల్లీ కాదు, ఎనిమిదేళ్ల ఇంకెవరో పిల్లవాడు. ఇద్దరు నటులూ బాగా చేశారు, ఇద్దరూ ఒకే మనిషి కాలేకపోయారు. దానివల్ల దిక్సూచి సన్నివేశం తర్వాత ఆ బాధ ఎక్కడికి పోయిందో మనకు తెలియదు. పతాక సన్నివేశంలో బిల్లీ శక్తిని ఐదుగురు తోబుట్టువులకూ పంచడం మంచి ఆలోచనే. తీరా పంచాక, మనం రెండు గంటలుగా ఇష్టపడ్డ పిల్లలంతా మాయమై వాళ్ల చోట కండలు తిరిగిన పెద్దలు వచ్చి కొట్లాడతారు. పిల్లల గురించి తీసిన సినిమా అసలు సమయానికి పిల్లల్ని బయటికి పంపేసింది.

మైల్స్ విషయంలో ఆ పొరపాటు జరగలేదు. అతని పిల్లతనం బొమ్మ కదలికలోనే ఉంది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. అడవిలో ఊగడం నేర్చుకునే సన్నివేశంలో వేరే లోకం నుంచి వచ్చిన, అనుభవమున్న పీటర్ బి. పార్కర్‌కు ప్రతి ఫ్రేముకీ కొత్త భంగిమ గీశారు. మైల్స్‌కు రెండేసి ఫ్రేములకు ఒకటి, అంటే సెకనుకు 12. అందుకే ఒకే తెర మీద పెద్దవాడు జారుతున్నట్టు, కుర్రాడు తడబడుతున్నట్టు కనిపిస్తారు. మైల్స్ చెయ్యి తిరిగేకొద్దీ ఆ కదలిక నునుపు తేలుతుంది. కారణం తెలియకపోయినా చూసేవాడి కంటికి తెలిసిపోతుంది. సాలీడు కుట్టాక అతని ఆలోచనలు కామిక్స్‌లోలా పెట్టెల్లో తెర మీదికి వస్తాయి, తన మనసు తనకే అంత గట్టిగా వినిపిస్తోందేమిటని కుర్రాడు కంగారుపడతాడు. ఆ వయసు పిల్లల తలలో మోతను ఇంత సూటిగా బొమ్మ కట్టడం మాటలు కాదు. ఇక భవనం మీంచి దూకే సన్నివేశంలో వేళ్లు అద్దాన్ని వదలవు. భయం పోయాక దూకడం కాదది. భయంతోనే దూకుతాడు, వేళ్లతోపాటు అద్దమూ పగిలి వస్తుంది. ఆ ఒక్క వివరం కోసం ఈ సినిమాకు 2019లో వచ్చిన ఆస్కార్ చెల్లిపోయిందంటాను.

లోపాలు ఇక్కడా ఉన్నాయి. స్పైడర్‌మ్యాన్‌లు మరీ ఎక్కువమంది. నలుపు-తెలుపు నువార్, పంది స్పైడర్‌హామ్, జపాన్ ఛాయల పెనీ నవ్వించి పోతారు తప్ప మైల్స్‌కు పెద్దగా ఒరగబెట్టింది లేదు. అమ్మ రియోకు చోటే దక్కలేదు. నాన్నకిచ్చిన తలుపులాంటిది అమ్మకీ ఒకటి ఉండాల్సింది.

విలన్ల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు, కానీ ఒక పోలిక వదలలేను. 'షజామ్!' విలన్ సివానా చిన్నప్పుడు మాంత్రికుడు తిరస్కరించిన పిల్లవాడు, తండ్రీ అన్నా ఛీకొట్టినవాడు. 'స్పైడర్‌వర్స్' విలన్ కింగ్‌పిన్ భార్యాబిడ్డల్ని పోగొట్టుకుని, ఇంకో లోకం నుంచైనా వాళ్లను లాక్కురావాలని ఊరిని పణంగా పెడతాడు. ఇద్దరికీ కావలసింది ఇల్లే. అది హీరోకి దొరికింది, వాళ్లకు దొరకలేదు.

2023లో రెండింటికీ తరువాయి వచ్చింది. 'షజామ్! ఫ్యూరీ ఆఫ్ ద గాడ్స్'లో బిల్లీకి పద్దెనిమిది దగ్గరపడుతుంది, ఆ వయసు దాటితే ఈ ఇంట్లో ఉండనిస్తారా అన్న బెంగ పట్టుకుంటుంది. ఎంత మంచి ముడి! దేవతల, రాక్షస జంతువుల కొట్లాటలో దాన్ని గాలికొదిలేశారు. 'అక్రాస్ ద స్పైడర్‌వర్స్' మాత్రం లాటరీ ముడినే ఇంకా బిగించింది: ఆ సాలీడు వేరే లోకానిది, అసలు నిన్ను కుట్టాల్సిందే కాదని మైల్స్ మొహం మీదే చెబుతారు. అది మన దగ్గర తెలుగుతో సహా పది భాషల్లో విడుదలైంది.

మన సినిమాకూ ఈ దారి కొత్తగా తెరుచుకుంటోంది. 2024 సంక్రాంతికి వచ్చిన ప్రశాంత్ వర్మ 'హను-మాన్'లో పల్లెటూరి ఆకతాయికి అనుకోకుండా శక్తి దక్కింది. అక్క చాటున పెరిగిన తమ్ముడే అయినా అతను వయసొచ్చిన యువకుడు. బడి సంచీ మోసే హీరో మనకింకా రావాలి. ఆ కథ రాసేవాళ్లకు నా విన్నపం ఒకటే: పతాక సన్నివేశం వచ్చేసరికి ఆ పిల్లవాణ్ణి పక్కకు పంపి పెద్ద నటుణ్ణి దించకండి. వాడి ఒళ్లు వాడికుంచండి, వాడి భయం వాడికుంచండి. చూసేవాళ్లకు చెప్పాల్సింది కూడా ఉంది. ఇంట్లో పిల్లలుంటే వాళ్లతో కలిసి 'స్పైడర్‌వర్స్' మొదటి నుంచి చివరిదాకా చూడండి. 'షజామ్!' చూస్తున్నప్పుడు దిక్సూచి సన్నివేశం దగ్గర మాత్రం ఫోన్ పక్కన పెట్టి వాళ్ల పక్కనే కూర్చోండి.